పదకొండో అంతస్తు క్లయింటు

పొద్దున ఏడున్నరకు ఆ పదకొండో అంతస్తు నాది. ఎనిమిదిన్నర దాటితే ఎవరెవరిదో అయిపోతుంది. ఆ మధ్య గంటసేపు దీపాలు సగమే వెలుగుతూ, ఏసీ నిద్రలో గొణుగుతున్నట్టు చప్పుడు చేస్తుంటే, నేను మాప్ పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేదాన్ని. అక్కడ కిటికీలు ఉండవు, గోడలే అద్దాలు. చలికాలంలో మంచు పట్టి కింద రోడ్డు కనిపించేది కాదు. దూరంగా కోకాపేట వైపు మేడలు మాత్రం నడుము దాకా మంచులో మునిగి, తలలు పైకి పెట్టుకుని నిలబడేవి. వాటి మీద క్రేన్లు మెల్లగా తిరిగేవి. తిప్పే మనిషి కనిపించడు, చప్పుడు వినిపించదు. మా సూపర్‌వైజరు వచ్చి "ఏందమ్మా, సినిమా చూస్తున్నవా?" అనేదాకా చూస్తూ ఉండిపోయేదాన్ని.

నేను అక్కడ హౌస్‌కీపింగ్ మనిషిని. ఊడ్చడం, తుడవడం, చెత్తబుట్టల్లో కవర్లు మార్చడం. తెలుగు మీడియంలో ఇంటర్ దాకా చదివాను. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, చీపురు పట్టిన చేతికి అక్షరం రాదని ఆ బిల్డింగులో అందరికీ గట్టి నమ్మకం. తెలుగు పుస్తకం దొరికితే పొయ్యి మీద కూర మాడినా తెలియని మనిషిని నేను. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కథ మారేది. కూడబలుక్కుని చదివితే సగం అర్థమయ్యేది. మాట్లాడమంటే, గల్లీలో నా నోటికి భయపడే వాళ్లందరూ చూసి నవ్వుకునేంత మూగదాన్నయ్యేదాన్ని.

బోరబండలో రైలెక్కితే తరువాతి స్టేషనే హైటెక్ సిటీ. ఒక్క స్టేషను దూరం. సీటు దొరికినా కూర్చునేంత సేపు ఉండదు. అంత దగ్గరలోనే భాష మారిపోయేది. ఇటు ఎక్కేటప్పుడు "జర జరుగుండ్రి" అన్నవాళ్లే అటు దిగి, మెడలో కార్డు వేసుకుని, ఫోను చెవిలో పెట్టుకుని ఇంకొకరైపోయేవారు. నాకు అది చూడ్డం ఇష్టంగా ఉండేది, కోపంగానూ ఉండేది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మమ్మల్ని బేస్‌మెంటులో నిలబెట్టి నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్పారు. గుడ్ మార్నింగ్ సార్, ఎక్స్‌క్యూజ్ మీ మేడమ్, ఓకే సార్. వాటితో పాటు నియమాలు కూడా. అన్నిటికన్నా పెద్ద నియమం, కుర్చీలో కూర్చోకూడదు. కుర్చీలు కంపెనీ వాళ్లవి, మేము కాంట్రాక్టరు మనుషులం. తుడవొచ్చు, జరపొచ్చు, కూర్చుంటే మాత్రం ఉద్యోగం ఊడుతుంది. అందుకే మా అన్నం డబ్బాలన్నీ ఫైర్ ఎగ్జిట్ మెట్ల మీదే తెరుచుకునేవి.

ఆ ఏడాది నా నడుము నా మాట వినడం మానేసింది. వంగితే లేవలేను, లేస్తే వంగలేను. దవాఖానలో డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, "ఇగ వంగే పని బంద్ చెయ్యాలె, లేకుంటే మంచంల పడ్తవ్" అంది. నా పనంతా వంగే పనే. ఇంట్లో మా అత్తా నేనూ, అంతే. మా ఆయన పోయి ఆరేళ్లు. సంపాదించే చేయి ఒక్కటే ఉన్న ఇంట్లో మంచాన పడడానికి వీలుండదు. దారి ఒక్కటే కనిపించింది. మా సూపర్‌వైజరు వేసవిలో వేరే సైటుకు వెళ్లిపోతున్నాడు. ఆ చోటు దొరికితే వంగే పని ఉండదు, నిలబడి చేయించే పని. కానీ అంతస్తులో వాళ్లు ఫోను చేసి ఇంగ్లీషులో చెప్పే కంప్లయింటుకు ఇంగ్లీషులోనే జవాబు చెప్పాలి. నేను అద్దాల గోడ ముందు నిలబడి అదే ఆలోచించేదాన్ని.

అక్కడి మీటింగు గదులకు నదుల పేర్లు పెట్టారు. అన్నిటికన్నా మూలగది పేరు మంజీర. మాది మెదక్ వైపు, మంజీర నీళ్లతో పెరిగినదాన్ని. ఆ గదిని మిగతా వాటికంటే కాస్త ఎక్కువ తుడిచేదాన్ని, ఒప్పుకుంటాను. ఒక రోజు పొద్దున్నే తలుపు తీయబోతే లోపల మాటలు వినిపించాయి. బక్కపలచని పిల్ల, ఇరవై మూడేళ్లు ఉంటాయేమో, ఖాళీ కుర్చీల వరుస ముందు నిలబడి చేతులు ఊపుతూ ఇంగ్లీషు మాట్లాడుతోంది. "గుడ్ మార్నింగ్ ఎవ్రీవన్. ఆమ్ ఐ ఆడిబుల్?" అని అడిగి ఆగింది. కుర్చీలు ఏమీ అనలేదు. మళ్లీ అడిగింది. పాపం, మతి చలించిందేమో అనుకున్నాను.

నన్ను చూసి ల్యాప్‌టాప్ టక్కున మూసేసింది. "అయ్యో, క్లీన్ చేసుకో అక్కా. నేను పోత."

ఆ యాస వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. "ఏ ఊరు బిడ్డా?" అన్నాను.

"జగిత్యాల దిక్కు."

"ఎవ్వరితోని మాట్లాడుతున్నవ్?"

"కుర్చీలతోని," అని నవ్వింది. నవ్వుతూనే కళ్లనిండా నీళ్లు తెచ్చుకుంది.

విషయం చెప్పింది. చేరి నెలైంది. ఆరు నెలలకు ఉద్యోగం ఖాయం చేయాలో ఇంటికి పంపాలో తేలుస్తారు. పని బాగానే చేస్తుందట. రోజూ విదేశంలో ఉన్న క్లయింటుతో, అంటే పని ఇచ్చిన కంపెనీ మనిషితో, ఫోనులో మాట్లాడాలి. అక్కడే వస్తోంది చిక్కు. "ఒక్కదాన్నే ఉంటె మంచిగనే వస్తది అక్కా. ఎదురుంగ మనిషి ఉన్నడంటే నోరు పెగలది. కుర్చీలకు చెప్పుడు అలవాటైంది గని, మనిషికి చెప్పుడు అలవాటైతలేదు."

"అయితే నన్ను మనిషి అనుకో," అన్నాను.

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. "నిజంగనే? అయితే నువ్వే క్లయింటు. కూసో అక్కా."

కూర్చోమంది! తలుపు వైపు చూశాను. అంతస్తులో ఎవరూ లేరు. సూపర్‌వైజరు ఎనిమిదింపావుకు గానీ పైకి రాడు. చేతిలో డస్టరు అలాగే పట్టుకుని, పొడుగు బల్లకు అటు చివర ఉన్న పెద్ద కుర్చీలో కూర్చున్నాను. ఏడాదిగా నేను మోసుకు తిరుగుతున్న నడుమును ఆ కుర్చీ వెనక నుంచి చేయి వేసి పట్టుకున్నట్టు పట్టుకుంది. ఎక్కడ నొప్పో దానికి ఎలా తెలిసిందో మరి. ఒక్క క్షణం కళ్లు మూతలు పడ్డాయి. ఎదురుగా ఆ పిల్ల "ఆమ్ ఐ ఆడిబుల్?" అంది. నాకు వినిపిస్తోందా అని అడుగుతోందని ఊహించి, "ఎస్" అన్నాను. ఆ గదిలో నా మొదటి ఇంగ్లీషు మాట అదే.

మరునాటికి ఒక కాగితం తెచ్చింది. క్లయింటు పలికే మాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాసి, పక్కన అర్థం. కెన్ యూ వాక్ మీ త్రూ ద స్టేటస్. "నడిపియ్యమని కాదక్కా. పని ఏడిదాంక వచ్చిందో మొదటికెల్లి ఇడమర్చి చెప్పమని." హూ ఈజ్ ద ఓనర్. "ఈ పనికి జిమ్మెదారి ఎవలు అని." ఐ హావ్ ఎ హార్డ్ స్టాప్ ఎట్ నైన్. "తొమ్మిదింటికి లేచిపోత, ఇగ ఒక్క నిమిషం ఉండ అని." లెట్స్ టేక్ దిస్ ఆఫ్‌లైన్. "ఇప్పుడు అందరి ముంగట వద్దు, ఎనుక మనం మనం మాట్లాడుకుందాం అని." ఇది వినగానే నాకు నవ్వొచ్చింది. మా ఊరి పంచాయితీలో పెద్దమనుషులు కూడా గొడవ ముదిరితే ఇదే అంటారు, "ఇంటికాడ మాట్లాడుకుందాం తియ్" అని. ఇంత తెలిసిన మాటకు ఇంత పెద్ద కోటు తొడిగారా అనిపించింది.

క్లయింటు వేషం నాకు అతికినట్టు సరిపోయింది. బోరబండ మార్కెట్లో టమాటాలు నాలుగుసార్లు తూకం వేయించుకున్న మనిషిని, నాకు ఎవరు నేర్పాలి? ఆ పిల్ల ఏదో చెప్పి గబగబా దాటిపోబోతే బల్ల మీద వేలితో కొట్టి "వాక్ మీ త్రూ" అనేదాన్ని. గొంతు తగ్గిస్తే "యూ ఆర్ నాట్ ఆడిబుల్" అనేదాన్ని. మొదట్లో బిక్కచచ్చిపోయేది. "అక్కా, అసలు క్లయింటే నీకన్న నయం," అని ఏడుపు మొహం పెట్టేది. అప్పుడు నేను అక్కనై, నా నడుము గోడూ సూపర్‌వైజరు పని ఆశా చెప్పుకుంటూ, ఇంట్లో నుంచి తెచ్చిన సర్వపిండి ముక్క తీసి పెట్టేదాన్ని. తిన్నాక మళ్లీ క్లయింటునయ్యేదాన్ని.

ఆ రెండు నెలలు ఎలా గడిచాయంటే చెప్పలేను. ఎండ ఏటవాలుగా వచ్చి పొడుగు బల్ల మీద పడి, పాలు ఒలికినట్టు మెల్లగా పాకేది. బల్ల సగానికి వచ్చిందంటే ఎనిమిది. అప్పుడు నేను లేచి, కూర్చున్న కుర్చీని తుడిచి, నా బరువు గుర్తు కూడా లేకుండా చేసి బయటికి వచ్చేదాన్ని. రోజంతా ఆ మాటలు నా చుట్టూ తిరుగుతూనే ఉండేవి. వాష్‌రూములో అద్దం తుడుస్తూ నాకు నేనే "ఈజ్ దేర్ ఎనీ అప్‌డేట్?" అనుకునేదాన్ని. సాయంత్రం రైల్లో కళ్లు మూసుకుంటే హోర్డింగుల మీది అక్షరాలు రెప్పల లోపల వెలిగేవి. అంతకుముందు బొమ్మల్లా దాటిపోయిన అక్షరాలు ఇప్పుడు ఒక్కొక్కటే నన్ను పలకరిస్తున్నాయి. ఊరంతా అన్నేళ్లుగా నాకు తెలియకుండా నా గురించే మాట్లాడుకుంటున్నట్టు, ఇప్పుడు వినిపిస్తున్నట్టు ఉండేది.

ఒక తెల్లవారుజామున మా ఆయన కలలోకి వచ్చాడు. గడప మీద కూర్చుని ఎప్పటిలాగే "చాయ్ అయిందా?" అన్నాడు. నేను పొయ్యి దగ్గర నుంచి "గివ్ మీ టూ మినిట్స్" అన్నాను. ఆయనకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కలలో మాత్రం అర్థమైనట్టు తలూపి, అలాగే కూర్చున్నాడు. లేచాక చాలాసేపు సంతోషంగా ఉన్నాను. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

నేర్చుకున్నది క్లయింటు భాష మాత్రమే అన్న సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. ఒక రోజు మా సూపర్‌వైజరు అందరి ముందూ, పాంట్రీలో మరక ఉందని నా మీద కేకలేశాడు. నేను నింపాదిగా "లెట్స్ టేక్ దిస్ ఆఫ్‌లైన్" అన్నాను. పాపం, అతని నోరు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోయింది. మా వాళ్లంతా ఫైర్ ఎగ్జిట్ మెట్ల మీద వారం రోజులు ఆ మాట చెప్పుకుని నవ్వారు. ఇంకో రోజు మా అత్త రాత్రి కూరకు ఏం చేద్దామని మూడోసారి అడిగితే "హూ ఈజ్ ద ఓనర్?" అన్నాను. "ఓనరు మొన్ననే కిరాయి దీస్కపోయిండు, మళ్ల ఎందుకొస్తడే?" అంది. అడగడం, గద్దించడం, గడువు పెట్టడం, ఇవే వచ్చాయి నాకు. అడిగితే జవాబు చెప్పే ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆ పిల్లకేమో జవాబులే వచ్చు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి ఇంగ్లీషు అన్నమాట.

ఒక మధ్యాహ్నం నేను వాష్‌రూములో ఉంటే ఆ పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. "అక్కా, పది నిమిషాలు! ఒక్కదాన్నే మాట్లాడిన! క్లయింటు మంచిగ చెప్పినవ్ అన్నడు!" నా తడి గ్లవుజు చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపేసింది. "ఆయన మాట్లాడుతుంటే నువ్వే గుర్తొచ్చినవ్. నీకంటె మెత్తటోడే అనుకున్న. ఇగ భయం పోయింది." ఆ రోజు నాకు కలిగిన గర్వం మామూలు గర్వం కాదు. నా కడుపున పుట్టిన పిల్ల గెలిచినా అంత గర్వపడేదాన్ని కాదేమో.

ఎండలు ముదిరాక నా వంతు వచ్చింది. సూపర్‌వైజరు పనికి మనిషిని ఎంచేది ఆ కంపెనీ తరఫున బిల్డింగు వ్యవహారాలు చూసే పెద్దసారు. రాజమండ్రి వైపు మనిషి. ఎవరినైనా మీరు, అండీ అనే మాట్లాడతాడు, అయినా ఆయన గది అంటే మాకు వణుకే. లోపలికి వెళ్లి నిలబడ్డాను. ఆయన కాగితం నుంచి తలెత్తకుండానే "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అన్నాడు.

నా గురించి చెప్పాలట. క్లయింటును ఎవరూ అలా అడగరు. నా కాగితాల్లో ఎక్కడా ఆ ప్రశ్నకు జవాబు లేదు. భయంలో తెలిసిన దారే పట్టుకుంటారు ఎవరైనా. "బిఫోర్ వీ స్టార్ట్ సార్, వాట్ ఈజ్ ద అజెండా?" అన్నాను, ఏం మాట్లాడబోతున్నామో ముందు చెప్పమనే క్లయింటులా.

ఆయన పెన్ను కింద పెట్టాడు. తలెత్తి ఇంగ్లీషులోనే అడిగాడు. పదో అంతస్తు వాళ్లు ఫోను చేసి సీలింగు నుంచి నీళ్లు కారుతున్నాయంటారు, ఏం చేస్తారు? అప్పుడు కాళ్లకు నేల తగిలినట్టయింది నాకు. వాక్ మీ త్రూ ద ఇష్యూ అంటాను సార్. ప్లంబరా ఏసీ మనిషా, హూ ఈజ్ ద ఓనర్ అని కనుక్కుంటాను. వెన్ కెన్ వీ క్లోజ్ ఇట్ అని వాడిని పట్టుకుని కూర్చుంటాను. ఆయన పకపకా నవ్వాడు. సూపర్‌వైజరుకు కావలసింది సరిగ్గా అదే కదా, అడగడం, వదలకపోవడం.

నవ్వు ఆగాక తెలుగులోకి వచ్చాడు. "ఎక్కడ నేర్చుకున్నారండీ ఇంత ఇంగ్లీషు? ఎవరైనా నేర్పారా?"

మంజీర గది కళ్ల ముందు కనబడింది. పొడుగు బల్ల, దాని మీద పాకే ఎండ, నేను కూర్చున్న కుర్చీ. చెబితే, కూర్చున్నానని చెప్పాలి. కూర్చున్నందుకు ఇంటికి పంపించిన వాళ్లను నేనే చూశాను.

"యూట్యూబ్ సార్," అన్నాను. "ఫోన్ల చూసి నేనే నేర్చుకున్న. ఎవ్వరు నేర్పలే."

"శభాష్," అన్నాడు ఆయన, కాగితం మీద ఏదో రాస్తూ.

ఆ పిల్లను కాపాడడానికే అబద్ధమాడానని ఇంటికి వెళ్లేదాకా చెప్పుకున్నాను. బయటి మనిషిని మీటింగు గదిలో కూర్చోబెట్టుకున్నందుకు దాన్నీ ఏమైనా అనేవారు కదా అని. అది కూడా నిజమే కావచ్చు. కానీ ఆ క్షణంలో దాని మొహం నాకు గుర్తు రాలేదు. నా నడుమే గుర్తొచ్చింది. ఎవ్వరు నేర్పలే అన్న ముక్క ఆయన అడక్కపోయినా నేనే అదనంగా వేశాను. దానికి సాకు లేదు.

ఉద్యోగం వచ్చింది, మూడు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. నీలం కోటు ఇచ్చారు, చేతికి ఒక ఫోను ఇచ్చారు. ఆ పిల్ల విని ఎగిరి గంతేసింది. సారు ఏమేం అడిగాడో చెప్పమంది. అజెండా సంగతి చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. ఆఖరి ప్రశ్న సంగతి నేను చెప్పలేదు. ఆ తరువాత మంజీర గదిలోకి పొద్దున్నే వెళ్లడం మానుకున్నాను. పని ఎక్కువైందన్నాను. ఎదురుపడితే నవ్వేది, నేను ఫోను చూసుకునేదాన్ని. ఒక రోజు కొత్తగా చేరిన ఒకామె కళ్లు తిరిగి కుర్చీలో కూలబడితే, ఎవరైనా చూస్తారన్న కంగారులో నా నోటితో నేనే "లే, లే ముందు" అన్నాను. ఆమె లేచింది. ఆ రాత్రి అన్నం సహించలేదు. మా అత్త కంచం వైపు చూసి, "కోటు ఏసుకున్నప్పటి సంది నీ మొకంల కళ లేదు" అంది.

ఇలా మూడు నెలలు గడిచాయి. ఆ పిల్ల ఉద్యోగం కూడా ఖాయమైందని ఎవరో అంటే విన్నాను. ఆ అంతస్తులో ఒక అలవాటు ఉంది. ఖాయమైన వాళ్లను నెలాఖరు శుక్రవారం అందరి ముందూ నిలబెట్టి రెండు మాటలు చెప్పమంటారు. నాకు సమోసాలు, టీ ఏర్పాటు చూసే పని. పెద్దసారు కూడా వచ్చి కూర్చున్నాడు. నేను టీ మిషను పక్కన నిలబడ్డాను. ముగ్గురు మాట్లాడాక ఆ పిల్ల మైకు అందుకుంది.

ఎంత బాగా మాట్లాడిందో! గొంతు వణకలేదు, ఎక్కడా తడుముకోలేదు. టీములో వాళ్లందరికీ థాంక్స్ చెప్పింది. చెప్పి, ఇంకొకరు ఉన్నారంది. ఆమె నా టీము కాదు, కానీ నా మొదటి క్లయింటు ఆమే అంది. రెండు నెలలు రోజూ పొద్దున నా ఎదురుగా కూర్చుని, నా మాట వినిపించేదాకా వదల్లేదు, ఆమెను నేనే కూర్చోమన్నాను అంది. చేయి చాపి నా వైపు చూపించింది. నూరు తలలు ఒక్కసారిగా టీ మిషను వైపు తిరిగాయి. చప్పట్లు కొట్టారు. నేను పెద్దసారునే చూశాను. ఆయనా నన్నే చూస్తున్నాడు.

అందరూ సమోసాల మీద పడ్డాక ఆయన కప్పు పట్టుకుని వచ్చాడు. టీ పట్టుకుని, "యూట్యూబ్ అంటే ఈ అమ్మాయా అండీ? బాగానే నేర్పిందే," అని నవ్వి వెళ్లిపోయాడు. అంతే. అంతకుమించి ఏమీ లేదు. ఆ రోజు నిజం చెప్పి ఉంటే అప్పుడూ ఇలాగే నవ్వి ఊరుకునేవాడేమో. ఆ ఆలోచనతో భయం పోయింది, దాని చోట సిగ్గు వచ్చి కూర్చుంది. నేను ఫైర్ ఎగ్జిట్ తలుపు తోసుకుని మెట్ల మీదికి వెళ్లిపోయాను.

కాసేపటికి ఆ పిల్ల వచ్చింది, రెండు చేతుల్లో రెండు టీ కప్పులతో. "ఏందక్కా, గిట్ల వచ్చి కూసున్నవ్? కోపమొచ్చిందా?"

"బిడ్డా, నీకొకటి చెప్పాలె. సారు అడిగిన నాడు నేను నీ ముచ్చట చెప్పలే. ఎవ్వరు నేర్పలే, యూట్యూబ్ల చూసిన అని చెప్పిన."

"నాకెరుకనే అక్కా," అంది ఆ పిల్ల.

నేను తలెత్తాను.

"నువ్వు పోయొచ్చిన తెల్లారే, లిఫ్టుల సారు కలిసిండు. మీ ఫ్లోరామె యూట్యూబ్ చూసి అంత ఇంగ్లీష్ నేర్చుకుందట, నిజమేనా అన్నడు. నేను అవును సార్ అన్న. రోజు చూస్తది, నేను గూడ చూసిన అన్న."

"ఎందుకన్నవ్ బిడ్డా?"

"నీకు నౌకరి గావాలె గద అక్కా. నీ నడుము సంగతి నాకెరుక లేదా?" కప్పు నా పక్కన పెట్టింది. "మొన్నటితోని నీ మూడు నెలలు అయిపోయి నీది గూడ పక్కా అయిందని విన్న. ఇగ ఫికర్ లేదని ఇయ్యాల చెప్పిన. ఇన్ని రోజులు చెప్పకుంట ఉండుడే కష్టమైంది."

మూడు నెలలుగా అన్నీ తెలిసి ఆ పిల్ల నన్ను చూసి నవ్వుతోంది. నేనేమో ఫోను చూసుకుంటున్నాను.

ఆ బిల్డింగులో నేను రోజుకు ఇరవైసార్లు సారీ అంటాను. లిఫ్టులో భుజం తగిలితే అంటాను, కప్పు చప్పుడైతే అంటాను. నోటి చివర నుంచి వచ్చి నేల మీద పడకముందే ఆరిపోయే మాట అది. దాన్ని ఈ పిల్ల ముందు ఎలా అనను? మా ఇళ్లలో ఆ మాట అనే అలవాటు లేదు. మా ఆయన కూడా గొడవపడ్డ మర్నాడు నాకిష్టమని ఇన్ని మిరపకాయ బజ్జీలు పట్టుకొచ్చేవాడే గానీ, నోటితో ఏనాడూ అనలేదు. నేనూ అనలేదు. ఆయన పోయేదాకా అనలేదు. నలభై మూడేళ్లు వచ్చాయి, ఒక మనిషి కళ్లలోకి చూసి ఆ మాట అనడం నాకింకా తెలియదు.

"తప్పయింది బిడ్డా," అన్నాను. "మస్తు తప్పయింది."

ఆ పిల్ల ఏం కాదులే అనలేదు. అనకపోవడమే మంచిదైంది. నా పక్కన మెట్టు మీద కూర్చుని, నేను ఏడ్చినంతసేపూ అలాగే కూర్చుంది.